మన పున్నములకు మన పేర్లు: పన్నెండూ దొరుకుతాయా?

డాబా_దుర్భిణి (హనుమకొండ), 31 మే 2026, రాత్రి 10:40

అందరికీ నమస్తే. మా అపార్ట్‌మెంట్ డాబా మీద నా దగ్గరున్న చిన్న టెలిస్కోప్‌తో పిల్లలకు చంద్రుణ్ణి చూపిస్తుంటాను. నిజానికి పున్నమి నాడు టెలిస్కోప్ దండగ. నీడలుండవు కాబట్టి చంద్రుడు సున్నం కొట్టిన గోడలా కనిపిస్తాడు. గుంతలు, కొండలు బాగా కనబడాలంటే అష్టమి నాడు చూడాలి. కానీ పిల్లలను డాబా ఎక్కించేది పున్నమే.

ఇవాళ మెట్ల దగ్గర బోర్డు మీద పెద్ద అక్షరాలతో 'ఈ రాత్రి బ్లూ మూన్' అని రాశాను. మూడో అంతస్తు బామ్మ మోకాళ్ళు పట్టుకుని ఎక్కి వచ్చింది. కాసేపు చూసి, "నీలం ఏడున్నది బిడ్డా?" అన్నది. పిల్లలంతా ఒకటే నవ్వు. నీలం కాదమ్మా, ఒకే ఇంగ్లీషు నెలలో రెండు పున్నములొస్తే రెండోదానికి అలా పేరు, మే 1న ఒకటైంది, ఇవాళ 31న ఇంకొకటి అని చెప్పాను. "గంతేనా, అధికమాసం అన్నట్టు" అని కుర్చీ లాక్కుని కూర్చుంది.

అప్పటి నుంచి అదే తొలుస్తోంది. ఏటా జూన్ వస్తే మన పేపర్లలో కూడా 'స్ట్రాబెర్రీ మూన్' అని వస్తుంది. మా వీధిలో స్ట్రాబెర్రీ చెట్టు చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. మనకు పేర్లు లేకనా? నాకు గుర్తొచ్చినవి ఏరువాక పున్నమి, రాఖీ పున్నమి, కార్తీక పున్నమి, కాముని పున్నమి. నాలుగు. మిగతా ఎనిమిదీ మీరు చెప్తే వచ్చే నెల నుంచి బోర్డు మీద అవే రాస్తాను.

---

పంచాంగం_పంతులు (తెనాలి), 31 మే, రాత్రి 11:25

ప్రశ్నే తలకిందులుగా ఉంది నాయనా. పున్నమికి పేరు పెట్టడం కాదు, మన దగ్గర పున్నమే నెలకు పేరు పెట్టింది. నిండు చంద్రుడు చిత్తా నక్షత్రం దగ్గరుంటే ఆ నెల చైత్రం, విశాఖ దగ్గరుంటే వైశాఖం, కృత్తిక దగ్గరుంటే కార్తీకం, మృగశిర దగ్గరుంటే మార్గశిరం. పన్నెండూ అంతే. మనవి అమావాస్యతో ముగిసే నెలలు కాబట్టి పున్నమి సరిగ్గా నడిమధ్యన ఉంటుంది, ఇంటికి నడిమి దూలంలాగ. ఉత్తరాది లెక్కలో పున్నమితోనే నెల అయిపోతుంది.

ఇంకో చమత్కారం. ఈ ఏడు, పరాభవ నామ సంవత్సరంలో, జ్యేష్ఠం అధికమాసం. ఇవాళ్టిది అధిక జ్యేష్ఠ పున్నమి. నీ టెలిస్కోప్ పక్కన పెట్టి ఉత్త కళ్ళతో చూడు. చంద్రుడి పక్కనే ఎర్రగా మెరిసే చుక్క ఒకటుంటుంది, అదే జ్యేష్ఠ. అధికమాసపు చంద్రుడు జ్యేష్ఠ దగ్గరికొచ్చాడు, అసలు జ్యేష్ఠ పున్నమి జూన్ 29 రాత్రికేమో మూలలోకి జారిపోతాడు. పేరు ఒకరిది, కాపురం ఇంకొకరింట్లో.

---

డాబా_దుర్భిణి, 31 మే, రాత్రి 11:48

ఇప్పుడే మళ్ళీ పైకెక్కి చూసొచ్చాను పంతులుగారూ. ఉంది! ఆంటారిస్ అని నేను రోజూ చెప్పేది అదే, జ్యేష్ఠ అని తెలుసు కానీ ఇవాళ పున్నమితో కలిపి చూడాలని తట్టలేదు. వెన్నెలకు వెలవెలబోయి, ఆర్పిన అగరొత్తి కొనలా ఉంది.

---

జాజిరి (సిద్దిపేట), 1 జూన్, ఉదయం 6:55

పంతులుగారూ, మీరు చెప్పింది పుస్తకంల పేరు. మా ఊర్ల ఫాల్గుణ పున్నమి అంటే ఎవరికీ తెల్వదు. కాముని పున్నమ అంటేనే తెలుస్తది. పున్నమ అనే అంటం మేము, పున్నమి కాదు.

కాముని పున్నమకు తొమ్మిది పది దినాల ముందు నుంచే పిల్లలు కోలలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి జాజిరి ఆడేది. ఇంటోల్లు గిన్నెడు బియ్యమో, రూపాయో పెట్టాలె. పెట్టకపోతే ఆ ఇంటి మీదనే పాట కడుతుంటిమి. కామదహనం రాత్రికి కట్టెలు, పిడకలు ఎవరి వాకిట్ల ఉంటే వాళ్ళవి ఎత్తుకొస్తుంటిమి. మా నాయన పాత నులక మంచం ఒకసారి నేనే ఎత్తుకపోయి మంటల ఏసిన. తెల్లారి ఆయన మంచం కోసం వెతుకుతుంటే నేను మోదుగుపూలు ఉడకబెట్టిన నారింజ నీళ్ళల్ల మునిగి ఉన్న, ముఖం గుర్తువట్టలే.

చైత్రం అంటారా, మా దిక్కు అది కొండగట్టు పున్నమ. అంజన్న మాల వేసుకున్నోల్లు ఆ దినం దీక్ష విడుస్తరు. చిన్న జయంతి అంటం. ఆంధ్ర దిక్కు హనుమజ్జయంతి వైశాఖ బహుళ దశమికి చేస్తరు కదా, మాకు అది పెద్ద జయంతి. మాకు రెండూ ఉన్నయి, నష్టమేం లేదు.

---

డల్లాస్_డైరీ (టెక్సస్), 1 జూన్, ఉదయం 8:10 (మీ టైమ్)

భలే సమయానికి దొరికింది ఈ దారం! మా అమ్మాయి స్కూల్లో పన్నెండు మూన్‌ల చార్టు చేయించారు. వుల్ఫ్, స్నో, వర్మ్, పింక్, ఫ్లవర్... ఇంటికొచ్చి మనవి చెప్పమని కూర్చుంది. మా ఫ్యామిలీ గ్రూపులో ఒక అందమైన పోస్టర్ వచ్చింది. 'మన పూర్వీకుల పన్నెండు వెన్నెలలు' అట. చైత్రం వేపపూల పున్నమి, వైశాఖం మల్లెల పున్నమి, జ్యేష్ఠం మామిడి పున్నమి, ఆషాఢం గోరింట పున్నమి, మార్గశిరం ముద్దబంతి పున్నమి, పుష్యం సంకురాత్రి పున్నమి... ఇలా పన్నెండూ ఉన్నాయి. దీన్నే బోర్డు మీదకి ఎక్కించేయొచ్చు కదా?

---

పంచాంగం_పంతులు, 1 జూన్, ఉదయం 8:31

డెబ్భై ఏళ్ళు దాటాయి నాకు. గోరింట పున్నమి అన్న మాట ఈ పూటే విన్నాను. అమ్మా, అది పూర్వీకులు పెట్టింది కాదు, పోస్టర్ వేసినవాడు పెట్టింది.

---

జాజిరి, 1 జూన్, ఉదయం 8:40

మామిడి పున్నమి అట. జ్యేష్ఠంల మామిడికాయ అయిపోవస్తది, అప్పటికే మా అమ్మ తొక్కు పెట్టుడు ముగించి జాడీకి గుడ్డ కడ్తది.

---

డల్లాస్_డైరీ, 1 జూన్, ఉదయం 9:02

సరే, ఒప్పుకున్నా. కానీ ఒక్క మాట. ఈ అమెరికా పేర్లూ అంతే కదా? అందరూ 'నేటివ్ అమెరికన్ల పేర్లు' అంటారు గానీ, ఒక్క తెగ పన్నెండూ అలాగే పిలిచింది లేదు. కొన్ని ఆల్గాంక్విన్ భాషల వాళ్ళవి, కొన్ని యూరప్ నుంచి వచ్చినవాళ్ళవి. 1930లలో మెయిన్ రాష్ట్రపు రైతుల పంచాంగం ఒకటి వాటిని వరసగా అచ్చేసింది, అక్కణ్ణుంచి దేశమంతా పాకాయి. స్ట్రాబెర్రీ మూన్ అంటే అడవి స్ట్రాబెర్రీలు పండే కాలం అని, చంద్రుడు గులాబీ రంగులో ఉంటాడని కాదు. ఇక బ్లూ మూన్ సంగతి ఇంకా తమాషా. 'నెలలో రెండో పున్నమి' అన్న అర్థం స్కై అండ్ టెలిస్కోప్ పత్రిక 1946లో చేసిన పొరపాటు వల్ల పుట్టింది. పాత లెక్కలో, మూడు నెలల రుతువులో నాలుగు పున్నములు పడితే మూడోదాన్ని బ్లూ మూన్ అనేవారు. ఆ పత్రికే 1999లో తప్పు ఒప్పుకుంది. అప్పటికే ఆలస్యం, ఎవరూ వినలేదు.

వాళ్ళు అతుకులు వేసుకుని కుట్టుకున్నది ఇవాళ సంప్రదాయం అయింది. మనం కుట్టుకుంటే తప్పేంటి?

---

డాబా_దుర్భిణి, 1 జూన్, ఉదయం 9:30

కుట్టుకోండి, మీ ఇంట్లో మీ ఇష్టం. మా చెల్లెలు తన కూతురితో 'పెరుగన్నం చందమామ' అంటుంది, ఎవరికీ అభ్యంతరం లేదు. 'పూర్వీకులు' అన్న మాట దగ్గరే నాకు ముల్లు గుచ్చుకుంటోంది. ఉన్నవి దొరక్కముందే కొత్తవి వేలాడదీస్తే ఇంక ఉన్నవాటి కోసం ఎవరు వెతుకుతారు?

---

ఆదోని_అక్క (ఆదోని), 1 జూన్, మధ్యాహ్నం 1:15

పొద్దున్నుంచి చదువుతా ఉండాను, పనులైనాక రాస్తా ఉండా. పన్నెండూ కావాలంటే మా పుట్టింటికి రండప్పా. నేను పుట్టింది బళ్ళారిలో, ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ. మా అవ్వకు పన్నెండు హుణ్ణిమెలూ నోటికే, హుణ్ణిమె అంటే కన్నడంలో పున్నమి. చైత్రం దవనద హుణ్ణిమె, వైశాఖం ఆగి హుణ్ణిమె, జ్యేష్ఠం కార హుణ్ణిమె, ఆషాఢం కడ్లిగడుబిన హుణ్ణిమె, శ్రావణం నూల హుణ్ణిమె, భాద్రపదం అనంతన హుణ్ణిమె, ఆశ్వయుజం శీగి హుణ్ణిమె, కార్తీకం గౌరి హుణ్ణిమె, మార్గశిరం హొస్తిల హుణ్ణిమె, పుష్యం బనద హుణ్ణిమె, మాఘం భారత హుణ్ణిమె, ఫాల్గుణం హోళి హుణ్ణిమె. ఒక్కదానికి కూడా తడుముకునేది లేదు. అద్దో, అదీ సొంత జాబితా అంటే. పోస్టర్ వేసినోడు పెట్టింది కాదు.

గడుబులు మీకు తెలిసే ఉంటాయి, పూర్ణం పెట్టిన కుడుములు. ఆషాఢ పున్నమిని మీరంతా గురుపూర్ణిమ అంటారు, మా అవ్వకు అది శనగపప్పు గడుబులు ఆవిరి పెట్టే రోజు, అంతే. గౌరి పున్నమికి చక్కెర బొమ్మలు. చెక్క అచ్చుల్లో పాకం పోసి ఏనుగు, నెమలి, గోపురం దించి, హారతి పళ్ళెంలో పెట్టుకుని ఆడపిల్లలు గౌరమ్మ దగ్గరికి పోతారు. దారిలోనే ఏనుగు తొండం మాయమైపోతుంది. నేను తొండం తిననిదే గుడి చేరిన సంవత్సరం లేదు.

ఏరువాక మాత్రం రెండు పక్కలా ఒకటే. ఆ రోజు ఎద్దులకు నాగలి లేదు. కడిగి, కొమ్ములకు రంగు పూసి, మెడకు గంటలు కట్టి, సాయంకాలం ఊరి వాకిట్లో కట్టిన తోరణం కిందుగా పరిగెత్తిస్తారు. ఇప్పుడు మా వీధిలో ఎద్దులున్న ఇల్లు ఒకటే. మిగిలినోళ్ళు మట్టి ఎద్దులు కొనుక్కొచ్చి గూట్లో పెట్టి భక్ష్యాలు నైవేద్యం పెడతారు. ట్రాక్టరుకు పూలదండ వేసేటోళ్ళూ ఉండారు.

---

జాజిరి, 1 జూన్, మధ్యాహ్నం 1:40

అక్కా, నూల హుణ్ణిమె అన్నరు కదా, ఆగుండ్రి! మా దిక్కు పద్మశాలీలు రాఖీ పున్నమను నూలు పున్నమ అనే అంటరు. జంధ్యం మార్చుకునే దినం. మగ్గం నేసేటోల్లకు నూలే దేవుడు. మా ఇంటి ఎనక గల్లీల మగ్గాలు ఉండేటివి, ఆ దినం ఒక్క చప్పుడు వినపడకపోయేది. అంటే మీ కన్నడ పేరు, మా సిద్దిపేట పేరు ఒకటేనన్నమాట.

---

పంచాంగం_పంతులు, 1 జూన్, మధ్యాహ్నం 2:05

మా వైపు జంధ్యాల పున్నమి అంటాం. అదీ నూలే కదా. రాఖీ అన్న పేరు మా చిన్నప్పుడు మా ఊళ్ళో లేదు. జాజిరీ, నీ దగ్గర ఒక మెట్టు ఓడిపోయాను.

---

గోదారి_గట్టు (భీమవరం), 1 జూన్, సాయంత్రం 5:50

అందరూ పండగలే చెబుతున్నారండి. మాకు పున్నమంటే పండగ కాదండి, భయం.

రొయ్యల చెరువు చేసేవాళ్ళం. పున్నమికీ అమావాస్యకీ అటూ ఇటూ రెండ్రోజులు రొయ్య పాత గుల్ల వదిలేస్తుందండి. మోల్టింగ్ అంటాం. కొత్త గుల్ల గట్టిపడేదాకా వేలుతో నొక్కితే జీడిపప్పులా మెత్తగా ఉంటుంది. అప్పుడు మేత తినదు. అలవాటుగా వేసే మేత తగ్గించకుండా వేసేశారంటే అడుగున కుళ్ళి నీళ్ళు పాడైపోతాయి. పైగా గుల్ల గట్టిగా ఉన్న రొయ్య మెత్తగా ఉన్నదాన్ని తినేస్తుంది. అందుకే చెక్ ట్రే పైకి లాగి ఎంత మిగిలిందో చూసుకుంటూ, ఏరియేటర్లు తిప్పుకుంటూ గట్టు మీద జాగారం. ఆ రోజుల్లో పట్టుబడి, అంటే అమ్మకానికి రొయ్య పట్టడం, పెట్టకూడదండి, మెత్త సరుకని రేటు కోసేస్తారు. పోయినేడు నేను ఆశపడి పెట్టాను, కొనేవాడు టార్చి వేసి ఒక్కో రొయ్యనీ నొక్కుతుంటే నా గుండెను నొక్కినట్టే ఉంది.

కాబట్టి మా గట్టు మీద పన్నెండు పేర్లు లేవండి. 'పున్నమి మోల్టింగు', 'అమాస మోల్టింగు'. రెండే.

అసలు సంగతి మరిచాను. మార్గశిరానికి మా దగ్గర మంచి పేరుందండి, కోరల పున్నమి. ఆ రోజు మా అమ్మ మినప రొట్టె కాల్చేది. పిల్లలమంతా తలా ఒక ముక్క కొరికి కుక్కకు వేయాలి. యముడి కోరల్లో పడకుండా ఉంటామని చెప్పేది. పళ్ళు గట్టిగా ఉంటాయని మా అత్త చెప్పేది. అంచు కరకరలాడే రొట్టెను కుక్కకు వేయాలంటే ప్రాణం ఒప్పేది కాదు. పెద్ద ముక్క కొరికి నోట్లోనే ఉంచేసుకుని, మిగిలిన చిన్నది విసిరేవాణ్ణి. మా కుక్కకు ఆ తేడా తెలిసిపోయేది, నా వైపే చూస్తూ నిలబడేది.

---

డాబా_దుర్భిణి, 1 జూన్, సాయంత్రం 6:20

కోరల పున్నమి! ఇది నేను విననే లేదు. మార్గశిర పున్నమి అంటే దత్త జయంతి అనే తెలుసు. ఆ రాత్రి ఆకాశంలో కూడా ఒక విశేషముంది. పున్నమి చంద్రుడు సూర్యుడికి ఎదురుగా ఉంటాడు కాబట్టి, ఎండాకాలం సూర్యుడు నెత్తి మీదికొస్తే చంద్రుడు దక్షిణాన కిందుగా పాకుతాడు. చలికాలం సూర్యుడు కిందుగా ఉంటే చంద్రుడు నడినెత్తికొస్తాడు. మార్గశిరం, పుష్యం పున్నములకు అర్ధరాత్రి మా డాబా మీద నిలబడితే నీడ కాళ్ళ కిందే దాక్కుంటుంది. టెలిస్కోప్ నిటారుగా పెట్టలేక నడుములు పడిపోతాయి.

---

భీమిలి_బాబు (భీమునిపట్నం), 1 జూన్, రాత్రి 8:05

రొయ్యల అన్నయ్యా, సంద్రంలో కూడా అంతే. పున్నమికి పోటు ఎక్కువ. పోటంటే నీళ్ళు పైకెక్కడం, పాటంటే దిగిపోవడం. పున్నమి, అమాస పోట్లకి తెప్ప ఇసకలోకి ఇంకాస్త పైకి లాగి పెట్టాల. ఎన్నెల రోజుల్లో వలకి చేప సరిగా పడదంటాడు మా తాత. ఎన్నెల్లో వల దానికి కనిపించేస్తాదట. పీతలు కూడా అమాసకే కండ పట్టుంటాయి, పున్నమి పీత గుల్ల అని మా అమ్మ బేరం దగ్గరే తేల్చేస్తాది.

పేర్లంటారా, మా జిల్లాకి పున్నములు సింహాద్రి అప్పన్నవే. అక్షయ తృతీయకి నిజరూపం చూపించి చందనం పూస్తారు, ఆ తరవాత వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పున్నములకి మూడేసి మణుగుల చందనం మళ్ళీ సమర్పిస్తారు. ఆషాఢ పున్నమి అంటే మాకు గిరి ప్రదక్షిణే. చతుర్దశి సాయంత్రం తొలిపావంచా, అంటే కొండ మొదటి మెట్టు దగ్గర కొబ్బరికాయ కొట్టి నడక మొదలెడితే కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. మొదట్లో అందరూ గోవింద కొడతారు. హనుమంతవాక దాటాక ఎవరూ మాటాడరు, చెప్పులు లేని కాళ్ళ చప్పుడే. పోయినేడు మా బావ మధ్యలో ఆటో ఎక్కి, తెల్లారి గుడి దగ్గర మాకంటే ముందే నిలబడి "ఎంత నడిచానో" అన్నాడు.

---

డల్లాస్_డైరీ, 1 జూన్, రాత్రి 9:40

పోస్టర్ తీసేశానండీ, మా గ్రూపులో గొడవ కూడా పెట్టుకున్నాను. అమ్మాయికి కోరల పున్నమి తెగ నచ్చేసింది. మాకు కుక్క ఉంది. మినపరొట్టె పెడితే తినేదో లేదో చూడాలి.

ఒక సందేహం. ఒంటిమిట్టలో రాములవారి కల్యాణం రాత్రి వెన్నెల్లో చేస్తారు కదా, అది చైత్ర పున్నమికేనా? మా అత్తగారిది కడప.

---

పంచాంగం_పంతులు, 1 జూన్, రాత్రి 10:00

అదే. ఊరూరా నవమి నాడు పట్టపగలు చేస్తే ఒంటిమిట్టలో మాత్రం పున్నమికి రాత్రి చేస్తారు. పగటి పెళ్ళి తనకు చూసే భాగ్యం లేదని చంద్రుడు మొరపెట్టుకుంటే ఇలా వరమిచ్చాడని చెబుతారు. మీ అత్తగారిని అడగండి, నాకంటే బాగా చెబుతుంది.

---

నిర్వాహకుడు, 1 జూన్, రాత్రి 10:12

హనుమజ్జయంతి ఏది అసలుదన్న మూడు పోస్టులు వేరే దారంలోకి మార్చాను. ఇక్కడ పున్నములే.

---

జాజిరి, 2 జూన్, ఉదయం 7:05

మాఘం మరిచిపోయిండ్రు. మేడారం. సమ్మక్క సారలమ్మ జాతర రెండేండ్లకోసారి, మాఘ శుద్ధ పున్నమ దగ్గరపట్ల. ఈ ఏడు జనవరి చివర్ల అయింది. జంపన్న వాగుల తలకు నీళ్ళు పోసుకుని, ఎత్తు బంగారం, అంటే మొక్కుబడి బెల్లం, నెత్తిన పెట్టుకుని పోతుంటే ఎన్నెల, దుమ్ము కలిసి గాలంతా పాలు కలిపినట్టుంటది. మా అమ్మకు నెలలు తెల్వయి. "జాతర పున్నమ" అంటది. జాతర లేని ఏడు కూడా గదే మాట.

---

ఆదోని_అక్క, 2 జూన్, ఉదయం 9:20

ఒకటి అడుగుతా పంతులుగారూ. ఈ సంవత్సరం ఏరువాక జూన్ 29కి పోయింది కదా. పోయినేడు జూన్ 11కే అయిపోయింది. మృగశిర కార్తె జూన్ 8కే వస్తుంది. వాన పడితే మా ఆయన పున్నమి కోసం ఆగుతాడా?

---

పంచాంగం_పంతులు, 2 జూన్, ఉదయం 10:10

ఆగడు, ఆగకూడదు. కార్తెలు సూర్యుడి లెక్క, పున్నములు చంద్రుడి లెక్క. పన్నెండు చాంద్రమాసాలు 354 రోజులు, సూర్యుడి ఏడాది 365. ఏటా పదకొండు రోజులు వెనకబడుతూ పోతాయి, దాన్ని సర్దడానికే అధికమాసం. పంతొమ్మిదేళ్ళకు ఏడుసార్లు వస్తుంది. బామ్మ డాబా మీద పట్టుకున్నది అదే, బ్లూ మూన్ పుట్టేదీ ఆ మిగులు రోజుల్లోంచే. అందుకని ఏరువాక ముందుకీ వెనక్కీ ఊగుతుంది, కార్తె మాత్రం కదలదు. రైతు విత్తనం వేసేది కార్తె చూసి, వాన చూసి. పున్నమి రోజు చేసేది ఎద్దుకు మర్యాద. ప్రస్తుతం రోహిణి నడుస్తోంది, రోళ్ళు పగిలే ఎండలు. ముందు మీ ఆయన్ని తలకు గుడ్డ కట్టుకోమను.

---

గోదారి_గట్టు, 2 జూన్, ఉదయం 10:35

రాత్రి రెండు చెరువుల్లో గుల్ల వదిలిందండి. ట్రేలో మేత సగం మిగిలింది. నిద్ర లేదు, రాయడానికి ఓపిక లేదు, చదువుతున్నాను.

---

డాబా_దుర్భిణి, 2 జూన్, రాత్రి 9:15

29న బోర్డు మీద 'ఏరువాక పున్నమి' అని రాస్తున్నాను. మా అపార్ట్‌మెంటులో ఎద్దు లేదు కాబట్టి అక్క చెప్పినట్టు మట్టి ఎద్దులు తెప్పించి మెట్ల దగ్గర పెడతాం. ఆ తర్వాత గిరి ప్రదక్షిణ పున్నమి, నూలు పున్నమ, ఇలా ఒక్కో నెలా ఒక్కో ఊరి పేరు, పక్కన ఆ ఊరు కూడా రాస్తాను. భాద్రపదానికి అనంతుని పున్నమి, ఆదోని అక్క ఖాతాలో.

పుష్యానికి ఇంకా తెలుగు పేరు దొరకలేదు. శాకంబరీ పూర్ణిమ అని పంచాంగంలో ఉంది గానీ, ఇంట్లో ఎవరో అనగా వినాలని నా పట్టుదల. ఇందాక మూడో అంతస్తుకు పోయి బామ్మనే అడిగాను. టీవీ సౌండ్ తగ్గించి కాసేపు ఆలోచించి, "పుష్యంల పున్నమ ఎవరు చూస్తరు బిడ్డా, చలికి తలుపులేసుకుని పండుకుంటం" అన్నది.

ఆ గడి ఖాళీగానే ఉంచుతున్నాను.